తగ్గిందండి అన్నాను

జాకెట్టు కుదరకపోతే ఆ మాట నా దగ్గరకొచ్చి ఎవరూ చెప్పరు. అద్దం ముందు ఇటు తిరిగి, అటు తిరిగి, "బాగుందమ్మా రత్నం, నీ చెయ్యి మంచిది" అనేసి కవరులో పెట్టుకుని వెళ్ళిపోతారు. నాలుగు రోజులకు బస్సుల కాంప్లెక్సు వెనకాల కుట్టే ఇంకొకామె దగ్గర అదే జాకెట్టు చంకల దగ్గర విప్పించుకుంటూ కనిపిస్తారు. నన్ను చూడగానే పైట సర్దుకుని, చీరకు ఫాలు కుట్టించడానికి వచ్చామంటారు. నర్సీపట్నంలో పద్దెనిమిదేళ్ళుగా కుడుతున్నాను కాబట్టి ఈ సంగతి నాకు కొత్త కాదు. కోపం కూడా రాదు. బాలేదని మొహం మీద అంటే ఎదుటి మనిషి చేతిని తప్పుపట్టినట్టు ఉంటుందని వాళ్ళ మొహమాటం.

ఇంత తెలిసిన నేను సరిగ్గా అదే పని ఒక డాక్టరుగారికి నాలుగు నెలలు చేశాను. తగ్గకపోయినా తగ్గిందండి అన్నాను. ఆ ఒక్క మాటతో ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఇప్పుడు కాస్త తేరుకున్నాను. పూర్తిగా తేరుకున్నాక రాద్దామంటే ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకని ఇప్పుడే రాస్తున్నాను. కొలతల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా రాసిన అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

నిరుడు శ్రావణమాసంలో మొదలైంది. శ్రావణం అంటే మా పనివాళ్ళకు ఊపిరాడని నెల. పెళ్ళిళ్ళు, వ్రతాలు, ఇంటికి మూడేసి నాలుగేసి జాకెట్లు. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. ఎక్కడ కత్తిరించాలో తెలుసు. చెయ్యి ముందుకు వెళ్ళేది కాదు. ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ అతకదు కదా అని భయం. కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో కూడా నాకు ఆ భయం లేదు.

పొద్దున్న లేస్తే రాత్రంతా బస్తాలు మోసినట్టు ఒళ్ళంతా బరువు. గుండెల్లో దడ. అన్నం నోట్లో పెట్టుకుంటే చప్పగా, ఎంత నమిలినా మింగుడుపడేది కాదు. ఏడుపొస్తే బాగుండేదేమో, అదీ రాలేదు. పక్కింట్లో పెళ్ళి బాజాలు మోగుతుంటే, అవి ఎక్కడో ఇంకో ఊళ్ళో మోగుతున్నట్టు వినిపించేవి. మా అమ్మాయి హారిక ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలో మంచి మార్కులు వచ్చాయని కాగితం తెచ్చి చూపిస్తే, "ఆ, బాగుంది" అని మళ్ళీ మిషను వైపు తిరిగాను. దాని మొహం వాడిపోయింది. అది చూశాను, చూసి కూడా ఏమీ అనలేకపోయాను. అన్నిటికంటే ఇప్పటికీ నన్ను పొడిచేది అదే.

ఇంట్లో తలొక మాట అన్నారు. మా ఆయన సత్తిబాబు నర్సీపట్నానికీ కోటవురట్లకీ మధ్య సర్వీసాటో తోలతారు. ఆయన ఉద్దేశంలో నాకు రక్తం తక్కువ. వీధి చివర ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అని బలానికి సెలైను ఎక్కించారు. ఎదురింటావిడ థైరాయిడ్ అంది. రక్తపరీక్షలు చేయించాం, గుండెకు ఈసీజీ తీయించాం, అన్నీ నార్మల్. అలా అన్నప్పుడల్లా ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు. నాకు మాత్రం లేని రోగం నటిస్తున్నావని కాగితం మీద రాసిచ్చినట్టు ఉండేది.

మా అత్త మాట మాత్రం మొదటి నుంచీ ఒకటే. మావయ్య పోయాక ఆవిడ కోటవురట్ల దగ్గర ఊరు విడిచి మాతోనే ఉంటోంది.

"ఒలే రత్నం, ఊరందరి కొత్త బట్టలూ నీ సేతిలోకే వత్తాయి. ఎవుల కన్ను ఎలాటిదో. దిష్టి తగిలీసినాది, ఇంకేటి."

ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఊళ్ళో తాడు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళి చేతికి నల్లతాడు కట్టించింది. చదువుకున్న వాళ్ళు నవ్వుకోవచ్చుగానీ, ఆ తాడు కట్టిన రెండు రోజులూ నాకు కాస్త కన్ను మూతపడింది. ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. అప్పటివరకు నా ఒంటిని అంతసేపు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు మళ్ళీ మామూలే.

కార్తీకంలో హారిక పట్టుబట్టింది. కాలేజీలో వాళ్ళ లెక్చరర్ మేడమ్ ఏదో చెప్పారట. "అమ్మా, ఇది ఒంటికి కాదు, మనసుకి సంబంధించింది. బుధవారం బుధవారం విశాఖ నుంచి డాక్టరు వస్తారు" అంది.

"పిచ్చి డాట్రా?" అంది అత్త. తోటకూర కాడలు విరుస్తున్నదల్లా ఆపేసింది. "గుంట పెళ్ళికి ఎదిగొత్తంది. నలుగురూ ఇంటే ఇంకేటైనా ఉందా?"

ఆ మాటకు నేనూ భయపడ్డాను. పెళ్ళి సంగతి అలా ఉంచండి. పిచ్చిదాని చేతికి జాకెట్టు గుడ్డ ఎవరిస్తారు? కానీ మా ఆయన మాత్రం, "మన పిల్ల సెప్పిందంటే సూద్దాం" అన్నారు. ఆ బుధవారం కోటవురట్ల ట్రిప్పులు మానుకుని తీసుకెళ్ళారు.

ఆ డాక్టరుగారు కూర్చునేది ఒక మందుల షాపు మేడ మీద. సన్నటి మెట్లు, మలుపు దగ్గర చిన్న ఖాళీ, పైన ప్లాస్టిక్ కుర్చీలు వేసిన గది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఎవరినీ చూడరు. ఆడవాళ్ళు పైట నెత్తి మీదికి లాక్కుంటారు, మగవాళ్ళు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఫోను చూస్తారు. నాకు ఎదురుగా నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ కూర్చుంది. తప్పించుకునే దారి ఇద్దరికీ లేదు.

"తలనొప్పికి వచ్చానమ్మా రత్నం."

"నేనూ అంతేనండి. కళ్ళజోడు మార్చాలేమో."

కళ్ళజోడుకి ఈ మేడ మీదికి ఎందుకొచ్చానని ఆవిడ అడగలేదు. తలనొప్పికి కళ్ళనీళ్ళు ఎందుకని నేనూ అడగలేదు.

డాక్టరుగారు మంచివారు. నెమ్మదిగా మాట్లాడారు, ఇది జబ్బేనని, మందుతో తగ్గుతుందని, సిగ్గుపడాల్సిన పని లేదని చెప్పారు. రోజుకో మాత్ర రాశారు. బయట ముప్పై మంది వెయిటింగ్. వచ్చే నెల రమ్మన్నారు.

వచ్చే నెల వెళ్ళాం. మాత్రలు తప్పకుండా వేసుకున్నాను, నోరెండిపోయింది, ఒంట్లో బరువు మాత్రం అంగుళం తగ్గలేదు. డాక్టరుగారు తలెత్తి, "ఎలా ఉందమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన చేతులు కట్టుకుని, "బాగుందండి. మీ హస్తవాసి మంచిదండి. మనిషి తేరుకున్నాదండి" అన్నారు. డాక్టరుగారి మొహం విచ్చుకుంది. పొద్దున్న నుంచీ మా అందరి ఏడుపులూ వింటున్న మనిషి. ఆ మొహం చూశాక కాదని ఎలా అనను?

"తగ్గిందండి" అన్నాను.

మెట్లు దిగుతూ మా ఆయన అడిగారు. "నిజంగా తగ్గిందేటే?"

"ఆ."

ఒకసారి తగ్గిందని అన్నాక రెండోసారి తగ్గలేదని ఎలా అంటాం? పైగా తగ్గలేదంటే ఇంట్లో ఎన్ని మాటలు పడాలి. మా ఆయన బుధవారాలన్నీ బండి ఆపుకుని కూర్చున్నది వృథా అయినట్టు. హారిక చెప్పిన మాట తప్పయినట్టు. అత్తయితే తాడు విప్పేశాను కాబట్టే ఇలా అయిందంటుంది. అందరికీ నా జబ్బు తగ్గడం కావాలి. ఆ ఆశ చూసి, అడిగినప్పుడల్లా తగ్గిందని ఇచ్చేశాను. నాలుగు నెలల్లో నాలుగుసార్లు ఇచ్చాను.

మాఘమాసంలో అసలు దెబ్బ తగిలింది. పెళ్ళికూతురి జాకెట్టు. మగ్గం వర్కు చేయించి తెచ్చారు, మెడ చుట్టూ, చేతుల మీద జరీ, ముత్యాలు. అలాంటి గుడ్డను కత్తిరించేటప్పుడు ఊపిరి బిగపట్టి కత్తిరిస్తాం. నేను రెండు ముందు ముక్కలూ ఒకే వైపుకి, రెండూ కుడి పక్కకే వచ్చేలా కత్తిరించేశాను. నెల రోజులు పని నేర్చుకున్న పిల్ల కూడా చేయని తప్పు. రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఇటు మార్చి అటు మార్చి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

పెళ్ళికూతురి తల్లి వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ ముక్కలు మడిచి సంచిలో పెట్టుకుని, "పోనీలేమ్మా. నీకు ఒంట్లో బాగులేదంట కదా" అని వెళ్ళిపోయింది. అంటే ఊళ్ళో తెలిసిపోయింది. ఆ రోజు నుంచి కత్తెర ముట్టుకోలేదు. కాజాలు, హుక్కులు, ఫాల్సు, అంతే.

ఆ తరవాతి బుధవారం డాక్టరుగారు అడిగారు, నేను తగ్గిందన్నాను. "చాలా సంతోషమమ్మా, ఇక మాత్ర సగం చేద్దాం" అన్నారు. మా ఆయన సంబరపడిపోయి సాయంత్రం మాడుగుల హల్వా తెచ్చి అందరికీ పంచారు. అత్త కూడా నవ్వుతూ తింది. నేనూ తిన్నాను. అంత నెయ్యి వేసిన హల్వా నోట్లో మట్టిలా ఉంది. వీళ్ళంతా ఇంత సంతోషంగా ఉన్నారు, ఇక నేను లేకపోయినా వీళ్ళకేం లోటు ఉండదు అనిపించింది. ఆ మాట ఎంత తప్పో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడది నాకు చాలా సబబైన లెక్కలా తోచింది.

ఆ వారంలోనే ఒకరోజు చూస్తే బల్ల సొరుగులో నా కత్తెర లేదు. "సాన పట్టించడానికి ఇచ్చాను. ఆడు ఇంకా తేలేదు" అన్నారు మా ఆయన. నేను కత్తిరించేది ఎటూ లేదు కాబట్టి మళ్ళీ అడగలేదు.

సగం మాత్ర మొదలయ్యాక ఫాల్గుణం అంతా ఎలా గడిచిందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఉన్నది ఇంతే. పొద్దున్న మెలకువ వచ్చేది. వచ్చినందుకు దిగులేసేది.

ఆ నెల బుధవారం నాడు మేడ మెట్ల మలుపు దగ్గర కొత్తగా ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు కనిపించాయి. అక్కడ ఒక అమ్మాయి కూర్చుంది. పేరు కుమారి. ముప్పై ఏళ్ళుంటాయి, కాటన్ చీర, నూనె రాసి బిగించిన జడ. పాడేరు వైపు కొండ మీది కుటుంబం. మాట్లాడి నయం చేసే చదువు చదువుకుందట. చింతపల్లి బస్సులు దిగి వచ్చే కొండవాళ్ళ భాష డాక్టరుగారికి రాదు కాబట్టి ఒక సంస్థ ఆమెను ఇక్కడ పెట్టింది.

ఆ రోజు మాకంటే ముందు ఒక కొండ ముసలాయన, అతని భార్య ఉన్నారు. డాక్టరుగారికని చింతపండు మూట తెచ్చారు. కుమారి తెలుగులో అడిగింది, "నిద్ర పడుతోందా తాతా?" అని. "పడతంది బాబూ" అన్నాడు ఆయన. అచ్చం నాలాగే అన్నాడు. అప్పుడామె కాగితం పక్కన పెట్టి వాళ్ళ భాషలో ఇంకేదో అడిగింది. ముసలాయన మొదట నేల చూశాడు. తరవాత మాట్లాడటం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. భార్య కళ్ళు తుడుచుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి.

వాళ్ళు పైకి వెళ్ళాక కుమారి నన్ను పిలిచి కూర్చోమంది. మా ఆయన కిందికి టీ తాగడానికి వెళ్ళారు. ఆమె పేరు, ఊరు రాసుకుంటోంది. నా చూపు ఆమె జాకెట్టు మీదికి పోయింది. ఎంత జబ్బు చేసినా ఆ చూపు మాత్రం పోలేదు. చంక దగ్గర ముడతలు పడుతున్నాయి, రాసినప్పుడల్లా భుజం లాగుతోంది.

"చంకల దగ్గర పట్టేస్తోందా అమ్మా?" అన్నాను.

"లేదండి, బాగానే ఉంది."

"ఒకసారి చేతులు పైకెత్తండి."

ఆమె వింతగా చూసి ఎత్తింది. జాకెట్టు మొత్తం పైకి లేచింది, ఆమె మొహం ముడుచుకుంది. "పట్టేస్తోందండి" అని ఒప్పుకుంది.

"మా దగ్గరకొచ్చే వాళ్ళు అందరూ ఇంతేనమ్మా. నిలబడి అద్దంలో చూసుకుని బాగుందంటారు. చేతులెత్తమంటే అప్పుడు బయటపడుతుంది. కుట్టినావిడకు చెప్పలేదా?"

"చెప్పలేదండి. పెద్దావిడ. ఎంతో ఇష్టంగా కుట్టింది, బాధపడుతుందని."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వి ఎన్ని నెలలైందో. ఆమె నవ్వు ఆపి నా వైపే చూసింది. చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"మరి మీరు డాక్టరుగారికి ఏం చెప్తున్నారండి?"

నేను పైకి వెళ్ళే మెట్ల వైపు చూశాను. "చెప్పొద్దు, ఇప్పుడే చెప్పొద్దు" అంది ఆమె. "నా జాకెట్టు మీ కొట్టుకు తెస్తాను. విప్పి సరిచేద్దురుగాని."

పైకి వెళ్ళి ఆ రోజూ తగ్గిందండి అనే వచ్చాను, కానీ కుమారితో మాట అలా మొదలైంది. ప్రతి బుధవారం డాక్టరుగారి పని అయ్యాక ఆమె మా ఇంటి ముందుగదికి వచ్చేది. నాకు మిషను మీద చేతులుంటేనే మాట వస్తుందని ఆమెకు రెండో వారానికే అర్థమైంది. ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ అడిగితే నేను బాగున్నానండి అనడం తప్ప ఇంకేం అనలేను. హుక్కులు కుడుతూ, కిందికి చూస్తూ అయితే చెప్పగలను. ఎలా ఉన్నారని ఆమె అడిగేది కాదు. "నిన్న మధ్యాహ్నం ఎన్ని ముద్దలు తిన్నారు? తలకు నూనె ఎప్పుడు రాసుకున్నారు? హారిక నిన్న ఏ రంగు డ్రెస్సు వేసుకుంది?" అనేది. ఇవన్నీ చేతులెత్తమనడమేనని నాకు తెలుసు. హారిక ఏ రంగు వేసుకుందో నాకు తెలియలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, ఏడు నెలల తరవాత.

మా అత్త మొదట్లో అరుగు మీద కూర్చుని వినపడేలా గొణిగేది. "కొండ మీద గుంట వచ్చి మనకి సెప్పాలేటి." కుమారి ఆవిడను లోపలికి వెళ్ళమనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "మీరేం అనుకుంటున్నారు అమ్మమ్మా, ఇది ఎందుకొచ్చిందంటారు?" అని అడిగింది. అత్త దిష్టి సంగతి, తాడు సంగతి అరగంట చెప్పింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కుమారి అంతా విని, "మా ఊళ్ళోనూ కడతారమ్మమ్మా. మళ్ళీ కట్టించండి, ఫరవాలేదు. కాకపోతే మాత్ర మాత్రం మానకుండా మీరే దగ్గరుండి వేయించాలి" అంది. ఆ రోజు నుంచి అత్త గొణగడం మానేసింది. కుమారికి టీలో పంచదార ఎక్కువ వేసి ఇచ్చేది.

నాలుగో బుధవారం కుమారి కుట్టు చూస్తూ అడిగింది. "పొద్దున్న మెలకువ వచ్చినప్పుడు మొదట ఏం అనిపిస్తుందండి?"

సూది ఆగింది. "మెలకువ రాకపోతే బాగుండును అనిపిస్తుంది" అన్నాను.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

ఆ మాట అలా సూటిగా, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా ఎవరైనా అడుగుతారని నేను అనుకోలేదు. అడిగితే ప్రళయం వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. అవునన్నాను. నెత్తి మీది గంప ఎవరో ఓ చేత్తో పట్టుకున్నట్టయింది.

కుమారి నా చెయ్యి వదలకుండా చెప్పింది. ఈ ఒక్క మాట నా దగ్గరే దాచలేనండి, డాక్టరుగారికీ ఇంట్లో ఒకరికీ తెలియాలి, నేను పక్కనే ఉంటాను, కానీ చెప్పేది మీరే అయితే మంచిది అంది. డాక్టరుగారికి అప్పుడే ఫోను చేసింది, రేపే రమ్మన్నారు, విశాఖ వెళ్ళిపోకుండా మన కోసం ఇక్కడే ఆగుతారట అని చెప్పింది. అమ్మను ఒంటరిగా వదలొద్దని కుమారి చెప్పడంతో ఆ రాత్రి హారిక నా పక్కన పడుకుంది.

చైత్రమాసం అది. మర్నాడు ఆ మేడ మీది గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. డాక్టరుగారు, "ఎలా ఉందమ్మా?" అన్నారు. అలవాటు కొద్దీ మా ఆయన చేతులు కట్టుకుని, "బాగుందండి, మీ..." అనబోయారు.

"తగ్గలేదండి" అన్నాను.

మా ఆయన నా చెయ్యి నొక్కారు, ఊరుకోమన్నట్టు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీనండి."

"నాలుగుసార్లు తగ్గిందన్నారు కదమ్మా. ఎందుకలా చెప్పారు?"

మా ఆయనే అన్నారు. "మీరు బాధపడతారనండి."

డాక్టరుగారు నా కాగితం వెనక్కి తిప్పి పాత తేదీలు చూశారు. కోప్పడతారనుకున్నాను. కోపం లేదు, అలిసిపోయిన మనిషిలా కనిపించారు. "నేను కూడా సరిగ్గా అడగలేదులెండి" అన్నారు. కుమారి నా వైపు చూసింది. మిగిలినది కూడా చెప్పాను, పొద్దున్న మెలకువల సంగతి. చెప్తున్నంతసేపూ గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాను.

"నాకు తెలుసండి" అన్నారు మా ఆయన.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన నేల చూస్తూ అన్నారు. "కత్తెర ఎవులికీ ఇవ్వలేదండి. మాగమాసం నుంచీ నా ఆటోలోనే ఉందండి. బండి ఎక్కడ ఆపినా బేగి ఇంటికి ఫోను సేసి ఉందా లేదా అని మా అమ్మని అడిగీవోణ్ణండి."

ఆయనకేం తెలియదనుకున్నాను. వీళ్ళెవరికీ తెలియదనుకున్నాను. "తెలిసి నన్నెందుకు అడగలేదయ్యా?" అన్నాను. అందరి ముందూ ఆయన్ని అలా నిలదీయడం అదే మొదలు.

"అడిగితే అవుననీత్తావని బయమేసినాదే" అన్నారు ఆయన. అని, మా పెళ్ళయ్యాక నేను ఎప్పుడూ చూడనట్టు ఏడ్చారు.

డాక్టరుగారు మందు మార్చారు. కొన్నాళ్ళు ఒంటరిగా ఉంచొద్దన్నారు, వారం వారం రమ్మన్నారు. మాత్రల డబ్బా హారిక చేతికిచ్చారు. తగ్గకపోతే తగ్గలేదని చెప్పడమే నాకు మీరు చేసే మర్యాద అన్నారు. ఆ మాట గోడ మీద రాసి పెడితే బాగుండును. రాయలేదు కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను. మీరు చూపించుకునే డాక్టరు ఎంత మంచివారైనా, ఆయన మొహం చూసి జవాబు చెప్పకండి.

వెంటనే ఏమీ అయిపోలేదు. వైశాఖంలో ఎండలకు తోడు కొత్త మాత్రకు కడుపులో తిప్పడం. మూడు వారాలు ఏమీ తేడా లేదు, ప్రతి వారం వెళ్ళి తగ్గలేదండి అనే చెప్పాను. చెప్పడం అలవాటైంది. ఒకరోజు పొద్దున్న వెనక సందులో ఎవరో జీడిపిక్కలు కాలుస్తున్నారు. ఆ కమురు పొగ ఇంట్లోకి వచ్చింది. "ఛీ, ఏం కంపు, తలుపెయ్యవే" అని హారిక మీద విసుక్కున్నాను. తలుపు వెయ్యకుండా అది నా మొహం చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళకు నాకు ఒక వాసన తెలిసింది.

జ్యేష్ఠంలో మా ఆయన కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టారు, ఈసారి నిజంగానే సాన పట్టించి. ముందు లైనింగు గుడ్డలు కత్తిరించాను. తరవాత హారిక జాకెట్టు. ఇప్పటికీ మగ్గం వర్కు గుడ్డ వస్తే వద్దని పంపేస్తున్నాను. అంత ధైర్యం ఇంకా రాలేదు. కొన్ని వారాలు బాగుంటుంది, కొన్ని వారాలు బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. వస్తే వచ్చిందని చెప్తున్నాను.

కుమారి ఇప్పుడు లేదు. సంస్థవాళ్ళు ఆమెను పాడేరు పంపించేశారు. మెట్ల మలుపు దగ్గర బల్ల తీసేశారు, అక్కడ మందుల షాపు వాళ్ళ అట్టపెట్టెలు పెట్టుకున్నారు. చింతపల్లి బస్సు దిగి వచ్చే వాళ్ళు మళ్ళీ పడతంది బాబూ అని చెప్పి వెళ్ళిపోతున్నారు. అది తలుచుకుంటే నాకు నీరసం వస్తుంది. పదిహేను రోజులకోసారి ఆమె నాకు ఫోను చేస్తుంది. నేను మిషను మీద కూర్చుని స్పీకరు పెట్టుకుని మాట్లాడతాను. ఎంత చేసినా మనిషి పక్కన ఉన్నట్టు ఉండదు.

మొన్న సోమవారం మళ్ళీ బరువుగా లేచాను. కుక్కరు పెట్టి, గుమ్మంలో నిలబడిపోయాను. అత్త అరుగు మీద గోంగూర ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏటే, ఎలాగుంది ఇయ్యాల?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ అలా అడగలేదు. అడిగినా నేను నిజం చెప్పేదాన్ని కాదు.

"బాలేదత్తా" అన్నాను.

ఉప్పూ మిరపకాయల కోసం లేస్తుందనుకున్నాను. లేవలేదు. "సరే, కూకో. వంట నాను సూసుకుంటాను" అంది. పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులు ఆకులు ఏరుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆగాయి.

"నాకూ బాలేదే" అంది. "నీ మొగుడికి ముందు నాకో ఆడగుంట పుట్టి పోనాది. అప్పటికాడి నుంచీ బాలేదు. ఎవులూ అడగలేదు."

నేను లోపలికి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చాను. ఆవిడకు దగ్గరగా జరిగి, ఆ పిల్లకు ఏం పేరు పెట్టారు అత్తా అని అడిగాను. ఆ రోజు మా ఇంట్లో మధ్యాహ్నం దాటినా వంట కాలేదు.